కణాన్వేషణ కాకదంత పరీక్షా?

పదార్థాన్ని విభజిస్తూ పోతే చివరకు మిగిలేది ఏమిటి? ఈ ప్రశ్న చాలా ప్రాచీనమైనది. మన దేశంలో వైశేషిక దర్శనకర్త కణాదుడు, గ్రీసులో డెమోక్రిటస్ విభజనకు లొంగని సూక్ష్మాంశం ఒకటి ఉన్నదని భావించారు. వారికి తర్కమే సాధనం. ఆధునిక శాస్త్రజ్ఞునికి తర్కంతోపాటు ప్రకృతి ఇచ్చే సాక్ష్యం కూడా కావాలి. ఆ సాక్ష్యం కోసం నిర్మించిన మహాయంత్రమే లార్జ్ హాడ్రాన్ కొలైడర్.

1954లో ఏర్పడిన సెర్న్ అనే పరిశోధన సంస్థకు చెందిన ఈ యంత్రం జెనీవా నగర సమీపంలో, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ దేశాల సరిహద్దున ఉన్నది. భూమికి సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో ప్రోటాన్ల పుంజాలను దాదాపు కాంతివేగంతో ఎదురెదురుగా నడిపి ఢీకొట్టిస్తారు. వాటిని వలయమార్గంలో నిలిపే అయస్కాంతాలు ద్రవ హీలియం వల్ల మైనస్ 271 డిగ్రీల సెల్సియస్ శైత్యంలో పనిచేస్తాయి. తాకిడిలోని శక్తి కొత్త కణాలుగా మారుతుంది. భారమైన కణాలు పుట్టిన క్షణంలోనే నశించి, తేలికైన కణాలుగా విడిపోతాయి. పొగను బట్టి నిప్పును ఊహించినట్లు, ఈ అవశేషాలను బట్టి శాస్త్రజ్ఞులు మూలకణాన్ని గుర్తిస్తారు.

హిగ్స్ బోసాన్ అలాగే దొరికింది. దాని ఉనికిని సూచించిన సిద్ధాంతం 1964 నాటిది. 2012 జూలై 4న ఆ కణం కనబడిందని రెండు పరిశోధక బృందాలు ప్రకటించాయి. ఊహకూ నిరూపణకూ మధ్య 48 సంవత్సరాలు గడిచాయి. మరుసటి ఏడు పీటర్ హిగ్స్, ఫ్రాన్స్వా ఆంగ్లేర్‌లకు నోబెల్ పురస్కారం లభించింది. ‘బోసాన్’ అనే మాట మన సత్యేంద్రనాథ్ బోస్ పేరునుండి వచ్చినదే.

ఆ తరువాత క్వార్కుల కొత్త కలయికలు అనేకం బయటపడ్డాయి గాని, కొత్త ప్రాథమిక కణమేదీ ఆ యంత్రంలో రుజువు కాలేదు. 2015 డిసెంబరులో 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఏదో కణం ఉన్నట్లు ఆనవాలు కనిపించింది. దానిని వివరిస్తూ వందలాది పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. అయితే మరింత సమాచారం చేరేసరికి ఆ ఆనవాలు చెరిగిపోయింది. 2016 ఆగస్టులో అదే బృందాలు ఆ సంగతిని లోకానికి చెప్పాయి. యాదృచ్ఛికంగా అటువంటి ఫలితం రావడానికి సుమారు 35 లక్షలలో ఒక్క అవకాశమే ఉన్నప్పుడు గాని ‘కనుగొన్నాం’ అనకూడదన్నది వారి నియమం.

ఇంత ధనం వెచ్చించి సాధించినదేమిటని కొందరు ప్రశ్నిస్తారు. కాకికి పళ్ళెన్నని వెదికే కాకదంత పరీక్షతో దీనిని పోలుస్తారు. ఆకలి, వ్యాధి తీరని లోకంలో ఈ ప్రశ్నను తేలికగా తోసిపుచ్చరాదు. దీనికి జవాబుగా, 1989లో సెర్న్‌లోనే రూపకల్పన జరిగిన వరల్డ్ వైడ్ వెబ్‌ను చూపడం పరిపాటి. అది గొప్ప మేలే గాని, అనుకోకుండా కలిగిన మేలు. అసలు సమాధానం వేరు. కాకికి దంతాలు లేవని ముందే తెలుసు గనుక ఆ పరీక్ష వ్యర్థం. ఇక్కడ వెదకుతున్నది ఉన్నదో లేదో ముందుగా తెలిసినవారు లేరు. విశ్వంలో మనకు తెలిసిన పదార్థం దాదాపు 5 శాతమే. సుమారు 27 శాతం ఉన్న కృష్ణపదార్థం దేనితో ఏర్పడిందో ఇంకా తేలలేదు. ఒక చోట లేదని నిశ్చయంగా తేలితే, తరువాత ఎక్కడ వెదకాలో తెలుస్తుంది.

అంతమాత్రాన ఎంత వ్యయమైనా సమంజసమే అనరాదు. అమెరికాలో తలపెట్టిన 87 కిలోమీటర్ల యంత్రాన్ని ఖర్చు పెరిగిపోవడంతో 1993లో మధ్యలోనే విడిచిపెట్టారు. సెర్న్‌లో ప్రతిపాదనకు వచ్చిన 91 కిలోమీటర్ల వలయాన్నీ ప్రజలు నిశితంగా ప్రశ్నించవలసిందే. దానికి తగిన కొలబద్ద ఎన్ని కణాలు దొరుకుతాయన్నది కాదు, ఏ సందేహాలు తీరుతాయన్నది. ఎంతో ఆశించినదానిని ‘లేదు’ అని స్వయంగా ప్రకటించగల నిజాయితీ ఉన్నంతవరకు, ఆ అన్వేషణ రిక్తహస్తాలతో తిరిగివచ్చినా వ్యర్థం కాదు.