తిరువూరు పిన్‌కోడ్ కూడితే తొమ్మిదేనా?

తిరువూరు పిన్‌కోడ్ 521235. అంకెలు కూడితే 18, దాన్నీ కూడితే 9. సంఖ్యాశాస్త్రం చెప్పేవారికి ఇది చాలు: తొమ్మిది కుజుడిది, ఊరికి ఎదురులేదు. బండి నంబరుకూ, ఫోన్ నంబరుకూ, పెట్టబోయే పేరుకూ ఇదే కొలత. 9999 కోసం రవాణా శాఖ వేలంలో లక్షలు పోస్తున్నారు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన చేత మహావీరాచార్యుడి గణితం తెలుగులో రాయించుకున్న జాతి మనది. ఇప్పుడు మన లెక్క ఒంటి అంకె వచ్చేదాకా కూడటంతో సరి!

ఆ కూడిక చెప్పేదల్లా ఒక్కటే: సంఖ్యను 9తో భాగిస్తే మిగిలేది ఎంతో. పదిని, వందని, వెయ్యిని 9తో భాగిస్తే ప్రతిసారీ 1 మిగులుతుంది, అందుకే అంకెలు కూడితే పని జరుగుతుంది. బడిలో నేర్పే భాజనీయతా సూత్రమే ఇది. ఆరంకెల సంఖ్యలు 9 లక్షలుంటే సరిగ్గా లక్షకు ఈ ‘శుభం’ పడుతుంది. తొమ్మిదింట ఒకరికి దక్కేదాన్ని అదృష్టమనడం ఎందుకు? పోనీ, మనం పది ఆధారంగా రాస్తున్నాం కాబట్టి అలా కుదిరింది. తొమ్మిది ఆధారంగా రాస్తే ఇదే సంఖ్య 874000. కూడితే 19. కుజుడు ఎటు పోయినట్టు?

అసలు విశేషం ఆ మూడు సున్నాల్లో ఉంది. 9తో వరుసగా మూడుసార్లు, అంటే 3తో ఆరుసార్లు, ఈ సంఖ్య శేషం లేకుండా తెగుతుంది. మిగిలే 715 అంటే 5, 11, 13ల లబ్ధం. 11, 13 ఉన్నాయని కాగితం లేకుండానే పట్టుకోవచ్చు: 521లోంచి 235 తీసేస్తే 286, అంటే రెండు 143లు. 1001కి 7, 11, 13 కారణాంకాలు కావడం వల్ల ఈ కిటుకు పనిచేస్తుంది. 286ను 7 భాగించదు కాబట్టి మన సంఖ్యనూ భాగించదు.

దీనికి మొత్తం 56 భాజకాలు. తనను వదిలేసి మిగతావన్నీ కూడితే 580509, తనకంటే ఎక్కువ. ఇలాంటివి సమృద్ధ సంఖ్యలు. సరి సంఖ్యల్లో 12, 18, 20 అంటూ మొదట్లోనే తగులుతాయి. బేసి సంఖ్యల్లో మాత్రం 945 దాకా ఒక్కటీ లేదు, పది లక్షల లోపు లెక్కేసినా సుమారు రెండు వేలే. తొమ్మిదింట ఒకటి గొప్పా, అయిదు వందల్లో ఒకటి గొప్పా?

‘మీదీ ఒక నమ్మకమేగా’ అంటారేమో. కాదు. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్‌ పద్ధతిలో మొదటి అంకెలు ప్రాంతాన్ని, చివరి మూడు అంకెలు పోస్టాఫీసును చెబుతాయి. తపాలా శాఖ కారణాంకాలు చూసి నంబర్లు పంచలేదు. ఈ 56 భాజకాల వల్ల తిరువూరు మామిడికి రూపాయి ఎక్కువ రాదు, రావాలని గణితమూ అనదు. 2022లో ఊరు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది. రేపు పిన్‌కోడ్ కూడా మార్చి, కూడితే 4 వచ్చే నంబరు ఇచ్చారనుకోండి. జ్యోతిష్కుడు శాంతి చేయించమంటాడు. 521235కి మాత్రం భాజకాలు 56 దగ్గరే ఉంటాయి.