నీడ ఇవ్వని పాటియోలు ఎవరి కోసం?

ఈమధ్య భీమిలి రోడ్డులో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. ఆ ఇంటికి డిజైన్ చేసిన కుర్రాడు అతిథులందరికీ వినబడేలా అన్నాడు: "మన కోస్తాకి సొంత స్టైల్ అంటూ ఏమీ లేదండీ. అందుకే బయటినుంచి తెచ్చాం." చుట్టూ ఉన్న పెద్దలు తలూపారు. నాకు ఒళ్లు మండింది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం మనది. ఆ పొడుగునా ఇళ్లు కట్టుకుని, తుపానుకి పోగొట్టుకుని, మళ్లీ కట్టుకున్న జనానికి ఇంటి బయట ఎలా కూర్చోవాలో తెలియదని ఒకడు అంటే, సొంత తాతల ఇళ్లలో పెరిగినవాళ్లే ఔనంటున్నారు.

ఇంతకీ తెచ్చినదేమిటి? తెల్ల గోడలు, నీలం చారల దిండ్లు, కర్ర డెక్కు, గాజు రెయిలింగు, పైన పెర్గోలా, మధ్యలో మంట గుంట. దీన్ని 'కోస్టల్ స్టైల్' అంటున్నారు. ఏ కోస్తా? అమెరికాలో కేప్ కాడ్, హ్యాంప్టన్స్ వంటి ఉత్తరాది తీరాల్లో డబ్బున్నవాళ్లు వేసవి గడపడానికి కట్టుకునే విడిది ఇళ్ల అలంకారం అది. అక్కడ శీతాకాలంలో మంచు కురుస్తుంది. ఎండ దొరికేది కొన్ని నెలలే కాబట్టి వాళ్లు దాన్ని వెతుక్కుంటారు, ఒంటిమీద పడనిస్తారు. సాయంత్రానికి చలి దిగుతుంది కాబట్టి మంట చుట్టూ చేరతారు. వాళ్ల పద్ధతి వాళ్లకి సబబే. జనవరి రాత్రి కూడా ఒక శాలువాతో సరిపోయే విశాఖలో, మే నెల ఉక్కలో, ఇంటి ముందు మంట గుంట తవ్వించుకోవడం మాత్రం నాకు అర్థం కాదు.  

ఈ 'కోస్టల్ స్టైల్' ఇళ్ల బ్రోషర్లలో డెక్కు మీద గ్లాసులు, ఎదురుగా సముద్రంలోకి దిగుతున్న సూర్యుడు ఉంటాడు. అది కాలిఫోర్నియా తీరం సంగతి. మన సముద్రం తూర్పున ఉంది. మనకి సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, కొండల వెనక దిగుతాడు. ఈ ఒక్క తేడా చాలు, మొత్తం ప్లాను మారిపోవడానికి. సముద్రం వైపు తెరిచిన వాకిట్లోకి తెల్లవారుతూనే ఎండ అడ్డంగా దూసుకొస్తుంది. ఏటవాలుగా వచ్చే ఆ ఎండని నెత్తిన పేర్చిన పెర్గోలా పట్టీలు ఏమీ చెయ్యలేవు. మధ్యాహ్నం దాటాక ఇల్లే ఆ వైపు నీడ పరుస్తుంది, సముద్రపు గాలి తగులుతుంది. మన తీరంలో బయట కూర్చునే హాయైన వేళ అదే. సరిగ్గా అప్పుడు ఆ గాలి కుర్చీలో కూర్చున్న మనిషికి తగలకుండా ఛాతీ ఎత్తున గాజు పలక నిలబెడుతున్నారు. సముద్రం కనబడితే చాలట, దాని గాలి అక్కర్లేదట.

ఇక పెర్గోలా. దీని మీద నాకున్న కోపం దాచుకోను. నాలుగు స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద బారుగా పట్టీలు. కప్పు ఉండదు. ఎండకి పనికిరాదు, వానకి పనికిరాదు. దాని కింద నిలబడడం జల్లెడ గొడుగుగా పట్టుకోవడమే. ఇటలీలో దాని మీద ద్రాక్షతీగ పాకించారు, ఆకు కమ్మితే కింద నీడ. తీగ తీసేసి కర్రలు మాత్రమే దిగుమతి చేసుకున్నాం. మన పెరట్లో పందిరి ఉండేది: నాలుగు గుంజలు, పైన తడిక, దాని మీద బీరపాదో ఆనపపాదో. ఎండాకాలం రాగానే వాకిట్లో తాటాకు పందిరి వేసేవాళ్లు. వానలు పడేలోపు విప్పేసేవాళ్లు. పెళ్లికి వేసేదీ పందిరే. నీడ కోసం వేసేదాని మీద ఆకు ఉండాలని ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పుడు లక్షలు పోసి కర్రలు నిలబెట్టి, కింద చెమటలు కక్కి, మళ్లీ డబ్బు పెట్టి దాని మీద పాలికార్బనేట్ షీటు వేయిస్తున్నారు. షీటు కింద వేడి ఇంకా ఎక్కువ. చివరికి ఏసీ గదిలో కూర్చుని అద్దంలోంచి ఆ పాటియోని చూస్తున్నారు. దాన్నే అవుట్‌డోర్ లివింగ్ అని చెప్పుకుంటున్నారు!

సొంత స్టైల్ లేదన్న ఆ కుర్రాడిని ఉత్తరాంధ్ర తీరంలో మిగిలిన చుట్టిళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. గుండ్రటి మట్టి గోడ, దాని మీద నిటారుగా లేచి, నేలకి జానెడు మూరెడు ఎత్తు దాకా దిగే తాటాకు కప్పు. లోపలికి వెళ్లాలంటే వంగాల్సిందే. అది పేదరికం వల్ల వచ్చిన ఆకారం అనుకునేవాళ్లు పొరబడుతున్నారు. గుండ్రటి గోడకి మూలలు లేవు కాబట్టి తుపాను గాలి పట్టు దొరక్క చుట్టూ జారిపోతుంది. చూరు అంత కిందికి దిగింది కాబట్టి పొద్దుటి అడ్డపు ఎండ గోడని తాకదు, వాన జల్లు మట్టిని కోయదు. గోడకీ చూరుకీ నడుమ ఉన్న ఆ నీడలోనే రోజంతా పని నడిచింది. పెంకుటిళ్లకి వచ్చేసరికి అదే నీడ వీధి పంచ అయింది, మండువా లోగిళ్లలో ఇంటి నడుమకీ వచ్చింది. ఎర్ర పెంకు, కర్ర స్తంభాలు, చల్లటి నాపరాయి లేదా గచ్చు అరుగు. వీటిలో ఏదీ సముద్రాన్ని చూడ్డానికి కట్టలేదు. సముద్రం పక్కన బతకడానికి కట్టారు.

అమెరికా నుంచే నేర్చుకోవాలనుంటే నేర్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అక్కడా మనలాగే ఉక్కపోసే తీరాలున్నాయి. దక్షిణ కెరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో పాత ఇళ్లు ఒక గది వెడల్పున సన్నగా కట్టి, దక్షిణం వైపో పడమర వైపో ఇంటి పొడుగునా వరండా వేశారు, గాలి పట్టుకోవడానికి, ఎండని గోడ మీద పడనివ్వకుండా ఆపడానికి. టెక్సాస్‌లో గాల్వెస్టన్ వైపు తీరం ఇళ్లని ఎత్తు స్తంభాల మీద కడతారు, ఉప్పెన నీళ్లు కింది నుంచి పోవాలని. 1900లో ఆ ఊరిని తుపాను తుడిచిపెట్టింది, ఆ సంగతి వాళ్లు మరవలేదు. హ్యూస్టన్‌లోనూ డాలస్‌లోనూ ఉంటూ విశాఖలో విల్లా కట్టిస్తున్న మనవాళ్లకి ఇవన్నీ కళ్లెదుటే ఉన్నాయి. అక్కడి ఇంజనీరు బుర్రని వదిలేసి దిండ్ల గుడ్డ మాత్రం పట్టుకొస్తున్నారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకి 180 కిలోమీటర్ల గాలితో ఇదే విశాఖ మీద దిగింది. చెట్లూ అద్దాలూ రేకులూ ఏమయ్యాయో చూసినవాళ్లే ఇవాళ గాజు రెయిలింగులకి ఆర్డరిస్తున్నారు. ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలా? అద్దం మీద రోజూ తెల్లటి పొర పేరుకుంటుంది. మామూలు 304 రకం స్టీలుకీ మచ్చలు పడతాయి. మాలిబ్డినం కలిసిన 316 రకం కొంత నయం, కానీ ధర ఎక్కువ కాబట్టి దాని మాట ఎత్తరు. తెల్ల గోడ రెండు వానలకి నల్లబడుతుంది.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది మరొకటి. ఈ డెక్కుల మీంచి సముద్రం కనబడాలని మొగలి పొదలు నరికేస్తున్నారు, సరుగుడు తోటలు కొట్టేస్తున్నారు, ఇసుక దిబ్బలు చదును చేస్తున్నారు. ఆ దిబ్బే ఉప్పెనకి అడ్డం. ఆ మొగలి వేళ్లే ఇసుకని పట్టి ఉంచుతాయి. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచినప్పుడు వేలమంది పోయారు. తీరం పొడుగునా సరుగుడు పెంచింది ఊరికే కాదు. తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు చూద్దామా అంటే, 2019 జనవరిలో వచ్చిన నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న గ్రామాల్లో కట్టడాలు కూడని హద్దుని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకి కుదించింది. తరాలుగా అక్కడే ఉంటున్న జాలరి తన ఇల్లు బాగుచేసుకుంటే నేను ఏమీ అనను. ఆ వెసులుబాటు చూపించి శనాదివారాల విడిది ఇంటికి దిబ్బ తవ్వడం నేరం. వల ఎండేసుకునే ఇసుకకి ప్రహరీ కట్టి, పేట జనం నీళ్లలోకి దిగే దారి మూసేయడం అంతకంటే పెద్ద నేరం.

అరుగులని పొగడగానే ఒక ప్రశ్న వస్తుంది: ఆ అరుగు మీద అందర్నీ కూర్చోనిచ్చారా? లేదు. కులం అక్కడా కాపలా కాసింది. కొందరు వీధిలోనే నిలబడి మాట్లాడాల్సి వచ్చింది. ఆ పాపాన్ని కడుక్కోవాలంటే అరుగుని అందరిదీ చేయాలి. ఎత్తు గోడా, గేటూ, వాచ్‌మన్నూ పెట్టి వెనకవైపు పాటియోలో దాక్కుంటే, పాత పాపం కొత్త రంగు వేసుకుందని అర్థం. ఇవాళ కొరియర్ కుర్రాడికి గేటు బయట నిలబడడానికి జానెడు నీడ లేదు.

మరి ఏం కట్టమంటావని అడుగుతారు. పాత ఇంటిని మక్కీకి మక్కీ దింపమని నేననడం లేదు. తాటాకు నేసేవాళ్లు తగ్గిపోయారు, మంచి టేకు అందరికీ అందదు. స్లాబు ఇంటికే పంచ వేయండి, పైన పెంకు పరవండి, కింద గచ్చు చేయించండి. పంచ కప్పుని ఇంటి కప్పుతో కలపకుండా, విడిగా, కాస్త కిందికి దించి కట్టండి. గాలికి పంచ లేచిపోయినా ఇల్లు నిలుస్తుంది. మిగిలింది మీ ఊళ్లో తుపాన్లు చూసిన ముసలి మేస్త్రిని అడగండి, నాకంటే బాగా చెబుతాడు.

స్థలం కొని ప్లాను గీయించుకుంటున్నవాళ్లకి నా మనవి ఒక్కటే. మధ్యాహ్నం రెండింటికి ఆ స్థలంలో నిలబడి, నీడ ఎక్కడ పడుతుందో కాగితం మీద చూపించమని డిజైనర్‌ని అడగండి. కప్పున్న పంచ ఎనిమిది అడుగుల లోతు లేకపోతే ప్లాను వెనక్కిచ్చేయండి. మొగలి పొద ఒక్కటైనా నరకాలంటే ఆ ప్లాను మీద సంతకమే పెట్టకండి.