పాత ప్రోగ్రామ్‌ కొత్త పీసీలో నడపడం వచ్చా?

బీటెక్‌ ఫస్టియర్‌ సీ ల్యాబ్‌ గుర్తుందా? విండోస్‌ కంప్యూటర్‌లో నీలం తెర తెరిచి టర్బో సీలో కోడ్‌ కొట్టేవాళ్లం. 1990ల నాటి డాస్‌ ప్రోగ్రామ్‌ ఈ పీసీలో ఎలా నడుస్తోందని ఎప్పుడైనా అడిగారా? నేనైతే అడగలేదు. రికార్డు మీద సంతకం పెట్టించుకుని బయటపడ్డా.

ఉద్యోగంలో చేరాక ఆ ప్రశ్నే ఎదురొచ్చింది. మా వీధిలో కిరాణా షాపు బాబాయ్‌ పాత కంప్యూటర్‌ మూలనపడితే కొత్త ల్యాప్‌టాప్‌ కొన్నాడు. బిల్లులు, అప్పు ఖాతాలు అన్నీ డాస్‌ కాలపు ఫాక్స్‌ప్రో ప్రోగ్రామ్‌లోనే ఉన్నాయి. ఫైళ్లు కాపీ చేసి ఐకాన్‌ నొక్కితే, ఈ పీసీలో నడవదని మెసేజ్‌. ‘ఇంజినీరువి కదరా, కాస్త చూడు’ అన్నాడు. కంపాటిబిలిటీ మోడ్‌ పెట్టి చూశా. కదల్లేదు.

కారణం చిన్నదే. 64 బిట్‌ విండోస్‌ 16 బిట్‌ ప్రోగ్రామ్‌లను నడపదు. విండోస్‌ 11 వచ్చేదే 64 బిట్‌లో. ఎక్స్‌పీ కాలపు 32 బిట్‌ ప్రోగ్రామ్‌ అయితే చాలాసార్లు కంపాటిబిలిటీ మోడ్‌తో పనైపోతుంది. డాస్‌ ప్రోగ్రామ్‌కు మాత్రం ఎమ్యులేటర్‌ కావాలి. అది పాత ప్రాసెసర్‌ చేసే పనిని సాఫ్ట్‌వేర్‌తోనే చేసి చూపిస్తుంది. చాలా ల్యాబుల్లో టర్బో సీని నడిపే డాస్‌బాక్స్‌ అలాంటిదే. మొత్తం పాత ఓఎస్‌ అవసరమైతే వర్చువల్‌ మెషీన్‌ ఉంది. లైనక్స్‌లో విండోస్‌ ప్రోగ్రామ్‌లు నడపడానికి 1993లో మొదలైన ‘వైన్‌’ ఉంది.

డాస్‌బాక్స్‌ను ఆటల కోసం తయారుచేశారు, అందులో ప్రింటింగ్‌ లేదు. బిల్లు రాని బిల్లింగ్‌ ప్రోగ్రామ్‌ ఎవరికి కావాలి? చివరికి ప్రింటింగ్‌ ఉన్న డాస్‌బాక్స్‌-ఎక్స్‌తో పని జరిగింది.

‘ఇంత తంటా ఎందుకు, కొత్త సాఫ్ట్‌వేర్‌ కొనుక్కోమను’ అన్నాడో ఫ్రెండ్‌. కొనొచ్చు. కానీ ఏళ్ల తరబడి రాసుకున్న అప్పుల లెక్క ఒక్కరోజులో కొత్తదాంట్లోకి దూకదు కదా! అలాగని పాత ఎక్స్‌పీ మెషీన్‌ను నెట్‌కు తగిలించి వాడటమూ ప్రమాదమే. దానికి సపోర్ట్‌ 2014 ఏప్రిల్‌ 8తో ఆగిపోయింది. వర్చువల్‌ మెషీన్‌లో నెట్‌ ఆపేసి నడుపుకోవడం మేలు. ఇదీ శాశ్వతం కాదు. ఈలోగా డేటాను బయటికి తీయాలి. ఫాక్స్‌ప్రో డీబీఎఫ్‌ ఫైళ్లను లిబ్రేఆఫీస్‌ క్యాల్క్‌ తెరుస్తుంది. మేం ముందు బ్యాకప్‌ తీసి, ఆ పనే మొదలుపెట్టాం.

నా మాట ఒక్కటే. రెజ్యుమెలో ఇంకో సర్టిఫికెట్‌ చేర్చే ముందు, పాత ప్రోగ్రామ్‌ ఎందుకు ఆగిందో కనిపెట్టి నడిపించడం నేర్చుకోండి. ప్రాసెసర్‌, ఓఎస్‌, ఫైళ్ల గురించి పరీక్ష కోసం బట్టీ పట్టినవన్నీ అప్పుడు అర్థమవుతాయి. ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి మీ సొంత అనుభవం ఒకటి ఉంటుంది. ఈ ఆదివారమే వర్చువల్‌బాక్స్‌ వేసుకుని, అందులో లైనక్స్‌ ఎక్కించి చూడండి. ఖర్చు రూపాయి కూడా కాదు.