లేయర్ మేతలో ప్రొటీన్ సరుకుల నాణ్యతపై వినతిపత్రం

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ సంచాలకులు గారికి,
తూర్పు గోదావరి జిల్లా అనపర్తి ప్రాంత లేయర్ కోళ్ల రైతులు సమర్పించుకొను వినతి.

విషయం: మేతకు వాడే ప్రొటీన్ సరుకులకు సరైన పరీక్షలు జరిపించడం గురించి.

అయ్యా,

మాలో చాలామందిమి మేత సొంతంగానే కలుపుకుంటాం. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది. పదివేల కోళ్లున్న రైతుకు రోజూ 11 క్వింటాళ్లు కావాలి. మొక్కజొన్న, నూకలు, తవుడు గుప్పిట్లోకి తీసుకుంటే మంచీచెడూ తెలిసిపోతుంది. ప్రొటీన్ సరుకు దగ్గరే మా కళ్లు చాలడం లేదు.

సోయా డీఓసీ (నూనె తీసిన చెక్క) ధర ఎక్కితే పొద్దుతిరుగుడు చెక్క, డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలే గింజల పిప్పి), ఎండుచేప పొడి వైపు చూడక తప్పదు. 2021లో ధర విపరీతంగా పెరిగినప్పుడు కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి ఒప్పుకుంది, కానీ అది ఆగస్టులో. ఆలోగా దొరికిందల్లా కలిపి నెట్టుకొచ్చాం.

దొరికేదాని సంగతి చెప్పాలి. బస్తా మీద ‘ప్రొటీన్ 45 శాతం’ అని ఉంటుంది. ల్యాబులో కొలిచేది మాత్రం నత్రజనిని. దాన్ని 6.25తో హెచ్చవేసి ప్రొటీన్ అంటారు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంది కాబట్టి, ఈ లెక్కన యూరియా 287 శాతం ప్రొటీన్! నాసిరకం చెక్క క్వింటాకు కిలో యూరియా కలిపితే చాలు, కాగితం మీద దాదాపు రెండున్నర శాతం పెరుగుతుంది. గేదె యూరియాను కొంతవరకు వాడుకోగలదు, కోడి వాడుకోలేదు.

చేపపొడిలో ఇసుక, ఉప్పు వస్తున్నాయి. ఉప్పు ఎక్కువైతే కోళ్లు నీళ్లు తెగ తాగుతాయి, రెట్ట పలచనవుతుంది, కేజ్‌ల కింద ఎరువు ఆరదు. వారం తిరక్కుండా పురుగు పట్టి ఈగలు లేస్తాయి. ఊరివాళ్లు పంచాయతీకి ఫిర్యాదు చేస్తారు. వాళ్లనేమీ అనలేం, అన్నం పళ్లెం మీద ఈగలు వాలుతుంటే ఎవరు ఊరుకుంటారు?

కల్తీ లేకపోయినా శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. పొద్దుతిరుగుడు చెక్కలో కోడికి అవసరమైన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పీచు ఎక్కువ. నువ్వుల చెక్కలో మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం బాగానే ఉంటుంది, లైసిన్ చాలదు. నల్లగా మాడిన డీడీజీఎస్‌లో ప్రొటీన్ అంకె తగ్గదు గానీ లైసిన్ కోడికి అందదు. సోయా సరిగా వేగకపోతే అరుగుదలకు అడ్డుపడుతుంది. వేరుశనగ చెక్కకు బూజు విషం (అఫ్లాటాక్సిన్) భయం సరేసరి. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు గుంపులుగా చచ్చిపోయింది దానివల్లే. ఇవన్నీ మాకు తెలిసేది గుడ్డు బరువు పడిపోయాకే. అప్పటికి సరుకు అమ్మినవాడు ఫోనెత్తడు.

2020లో రాష్ట్రం పశుదాణా చట్టం తెచ్చింది. తయారైన దాణాతో ఆగకుండా సోయా, డీడీజీఎస్, చేపపొడి వంటి విడి సరుకుల నమూనాలు కూడా తీయించండి. బస్తా మీద ప్రొటీన్ శాతంతోపాటు లైసిన్, మిథియోనిన్, ఉప్పు, ఇసుక, అఫ్లాటాక్సిన్ వివరాలు వేయించండి. యూరియా ఉందో లేదో అక్కడికక్కడే తేల్చే కిట్లను పశువుల ఆస్పత్రుల్లో ఉంచితే, లారీ దింపకముందే తిప్పి పంపేస్తాం. నెల తర్వాత వచ్చే ల్యాబు రిపోర్టు మాకెందుకు? ఆ మేత అప్పటికి కోళ్లు తినేసి ఉంటాయి.

సోయా కొరత ముందే కనిపిస్తే దిగుమతికి అనుమతి కోరుతూ కేంద్రానికి వేసవిలోనే రాయండి. ఆదిలాబాద్ సోయా రైతు కడుపు కొట్టమని మేం అడగడం లేదు. దిగుమతి తప్పనిసరైతే అది కొత్త పంట రాకముందే ముగిసిపోవాలి.

అన్నీ ఒక్కసారి కుదరకపోతే ముందుగా కిట్లు ఇప్పించండి. నమూనాలు మా గోదాముల నుంచే తీసుకోవచ్చు, మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
అనపర్తి ప్రాంత లేయర్ కోళ్ల రైతులు