కొలువు పోయింది సరే, మచ్చ ఎన్నాళ్లు?

2003లో ఇరాక్‌లోకి చొచ్చుకెళ్లిన అమెరికా మెరీన్లలో టైసన్ మేంకర్ ఒకరు. యుద్ధం నుంచి తిరిగొచ్చాక గంజాయి వాడి దొరికిపోయారు. పైవాళ్లు కొలువులోంచి తీసేశారు. సంగతి అక్కడితో ఆగిపోతే ఈ వారం రాయడానికేమీ ఉండేది కాదు. సైనికుడు మత్తుమందు ముట్టకూడదన్నది నియమం, ముడితే ఇంటికి పంపుతారన్నది అందరికీ తెలిసిందే. కానీ పంపేటప్పుడు చేతిలో పెట్టిన కాగితం మీద ‘అదర్ దాన్ హానరబుల్’ అని రాశారు. గౌరవంగా వెళ్లినవాడు కాదని దాని సారం. 2018లో మేంకర్ యేల్ లా స్కూల్ విద్యార్థుల అండతో మెరీన్ల బాధ్యత కూడా చూసే నౌకాదళ శాఖ మీద ఫెడరల్ కోర్టుకెక్కారు. తనొక్కడి కోసమే కాదు, అలాంటి ముద్ర మోస్తున్న వేలమంది తరఫున. దావా రాజీతో ముగిసింది, ఆ రాజీ 2022లో కోర్టు ఆమోదం పొందింది. ఆ శాఖ ఒకసారి కొట్టేసిన పాత అర్జీలెన్నో మళ్లీ చూడాల్సి వచ్చింది.

సైన్యం ఒక మనిషిని వద్దనుకోవడం ఒక నిర్ణయం. బయటికెళ్లాక ఆ మనిషికి చదువు, వైద్యం, ఉద్యోగం అందకుండా అడ్డం పడటం మరో నిర్ణయం. మొదటిదానికి క్రమశిక్షణ కారణమంటే ఒప్పుకుంటాను. రెండోదానికి కారణమేమిటని అడిగితే పెంటగన్ దగ్గర నిలబడే జవాబు లేదు.

అక్కడ సైనికుడు కొలువు వదిలేటప్పుడు డీడీ ఫారం 214 ఇస్తారు. మన దగ్గర సర్వీసు సర్టిఫికెట్, కండక్ట్ సర్టిఫికెట్, టీసీ మూడూ కలిపితే ఎంతో, అక్కడ ఆ ఒక్క కాగితం అంత. సేవ ఎలా సాగిందో చెప్పే గడి అందులో ఒకటుంటుంది. దాంట్లో పడే ముద్రలు ప్రధానంగా ఐదు. హానరబుల్, జనరల్, అదర్ దాన్ హానరబుల్ అనే మూడింటినీ అధికారులే ఫైలు నడిపి వేయవచ్చు. బ్యాడ్ కండక్ట్, డిస్‌హానరబుల్ అనే చివరి రెండూ కోర్టు మార్షల్‌లో శిక్షగా మాత్రమే పడతాయి. మూత్ర పరీక్షలో దొరికినవాళ్లను కోర్టు మార్షల్ దాకా తీసుకెళ్లేకన్నా ఫైలు నడిపి పంపేయడం కమాండర్లకు సులువు. నేరాన్ని సందేహానికి తావులేకుండా రుజువు చేయనక్కర్లేదు, సాక్ష్యం ఎటు మొగ్గితే అటే తీర్పు. త్వరగా ఇంటికి పోతే చాలనుకున్న కుర్రాడు విచారణ హక్కు వదులుకుంటూ సంతకం పెట్టేస్తాడు. ఆరు నెలలు గడిస్తే ముద్ర దానంతటదే మంచిదైపోతుందని బ్యారక్‌లలో ఒక పుకారు తరతరాలుగా నడుస్తోంది. అది పచ్చి అబద్ధం. అడగందే ఏ ముద్రా మారదు.

ఆ సంతకం ఖరీదు తర్వాత తెలుస్తుంది. 9/11 తర్వాతి జీఐ బిల్లు కింద కాలేజీ ఫీజులు రావాలంటే ‘హానరబుల్’ ఉండి తీరాలి, ‘జనరల్’ కూడా చాలదు. ‘అదర్ దాన్ హానరబుల్’ ఉన్నవాడు వెటరన్స్ ఆసుపత్రి గడప తొక్కాలన్నా, పరిహారం కావాలన్నా అర్హుడో కాదో ఆ శాఖ విడిగా విచారించి తేల్చాలి. 2017 నుంచి అత్యవసర మానసిక వైద్యానికి మాత్రం కొంత సందు దొరికింది. ఇక ఉద్యోగానికి వెళితే చాలామంది యజమానులు ఆ 214నే అడుగుతారు. యుద్ధంలో మనసు చెదిరి, నిద్రపట్టక గంజాయికి అలవాటుపడ్డ మనిషికి ఆ అలవాటు మాన్పించే వైద్యమే దూరం చేయడం గోరుచుట్టుపై రోకటి పోటు.

ఈ గొడవ కొత్తది కాదు. 1971 మేలో రాబర్ట్ స్టీల్, మోర్గాన్ మర్ఫీ అనే ఇద్దరు కాంగ్రెస్ సభ్యులు వియత్నాంలో ఉన్న అమెరికన్ సైనికుల్లో నూటికి పది, పదిహేనుమంది హెరాయిన్‌కు బానిసలయ్యారని నివేదిక ఇచ్చారు. జూన్‌లో అధ్యక్షుడు నిక్సన్ మత్తుమందుల వాడకాన్ని దేశానికి ప్రథమ శత్రువుగా ప్రకటించారు. ఇంటికెళ్లే విమానం ఎక్కాలంటే మూత్ర పరీక్ష నెగ్గాలన్న నిబంధన వచ్చింది. ‘ఆపరేషన్ గోల్డెన్ ఫ్లో’ అని దానికి వెటకారంగా పేరు పడింది. అలా తిరిగొచ్చినవాళ్లు ఏమయ్యారో సామాజిక శాస్త్రవేత్త లీ రాబిన్స్ వెంటపడి పరిశీలించారు. వియత్నాంలో బానిసలైనవాళ్లలో అత్యధికులు ఇంటికొచ్చాక ఆ అలవాటులో మళ్లీ కూరుకుపోలేదు. మనిషి ఎంత కారణమో, ఆ చోటూ ఆ యుద్ధమూ అంతకన్నా పెద్ద కారణమని దాన్నిబట్టి తేలింది.

అదే ఏడాది ఆగస్టులో రక్షణమంత్రి మెల్విన్ లెయిర్డ్ ఒక ఆదేశం ఇచ్చారు. కేవలం మత్తుమందు వాడినందుకో, సొంతానికి దగ్గర ఉంచుకున్నందుకో చెడ్డ ముద్రతో వెళ్లినవాళ్ల కేసులు సమీక్షించి, గౌరవనీయమైన మెట్టుకు ఎత్తే ఆలోచన చేయాలన్నది దాని సారాంశం. లెయిర్డ్ మెతక మనిషేమీ కాదు, యుద్ధం నడుపుతున్న మంత్రి. అయినా ఒక వర్గం మొత్తానికి ఒకే కొలత పెట్టగలిగారు. యుద్ధం మిగిల్చిన మనోవ్యాధికి ‘పీటీఎస్డీ’ అన్న పేరు వైద్యగ్రంథంలోకి ఎక్కింది 1980లో. ఆ పేరు పుట్టకముందే ఆయనకు అర్థమైన సంగతి తర్వాతివాళ్లకు అర్థం కావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది.

మధ్యలో గాలి ఎదురుతిరిగింది. 1981 మే 26 రాత్రి నిమిట్జ్ అనే విమానవాహక నౌక మీద దిగబోయిన విమానం కూలి 14 మంది చనిపోయారు. డెక్ మీద పనిచేస్తూ చనిపోయిన కొందరి శరీరాల్లో గంజాయి జాడలు కనిపించాయి. ప్రమాదానికి అదే కారణమని రుజువు కాలేదు. కానీ నౌకాదళం మత్తును ఒక్కసారీ సహించేది లేదన్న విధానానికి దిగడానికి ఆ రాత్రే ఊతమైంది. అప్పటి పరిస్థితి కూడా తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. గడచిన 30 రోజుల్లో ఏదో ఒక మత్తుమందు వాడామని 1980 సర్వేలో ఒప్పుకున్న సైనికులు 27.6 శాతం. 1998 నాటికి అది 2.7 శాతానికి పడిపోయింది. కఠినంగా ఉండటం వల్ల ఫలితం లేదని ఎవరూ అనలేరు, నేనూ అనను.

అయితే మూత్ర పరీక్షల హడావుడిలో చేసిన తప్పులూ ఉన్నాయి. 1980లోనే గైల్స్ కేసులో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు, బలవంతపు మూత్ర పరీక్ష సాక్ష్యంతో చెడ్డ ముద్ర వేసిన మాజీ సైనికుల డిశ్చార్జిలను సరిదిద్దాలని తేల్చింది. తర్వాత ఆర్మీ స్వయంగా జరిపించిన సమీక్షలో 1982, 83లలో ల్యాబులు ఇచ్చిన ఫలితాలు చాలావాటికి సరైన ఆధారపత్రాలు లేవని బయటపడింది. అప్పుడు ఇంటికెళ్లినవాళ్లలో కొందరు అసలు తప్పే చేయలేదేమో!

కొత్త తరం లెక్కలు ఇంకా గట్టిగా మాట్లాడతాయి. 2011 నుంచి 2015 వరకు ఐదు ఆర్థిక సంవత్సరాల్లో దుష్ప్రవర్తన పేరుతో 91,764 మందిని సైన్యం నుంచి తీసేశారు. వాళ్లలో 57,141 మందికి, అంటే 62 శాతానికి, తీసేయడానికి ముందు రెండేళ్లలోపే పీటీఎస్డీ, తలకు దెబ్బ లేదా అలాంటి మరో మానసిక సమస్య ఉన్నట్టు సైనిక వైద్యులే రాశారు. ఆ 57 వేల మందిలో 13,283 మందికి ‘అదర్ దాన్ హానరబుల్’ ముద్ర పడింది. ఇవి ఏ సంఘమో వేసిన లెక్కలు కావు, అమెరికా కాంగ్రెస్ సొంత తనిఖీ సంస్థ జీఏఓ 2017లో బయటపెట్టినవి. జబ్బుందని డాక్టరు రాసిన ఫైలూ, పనికిరాడని కమాండరు రాసిన ఫైలూ ఒకే సైన్యానివి.

సరే, ముద్ర మార్పించుకోవాలంటే ఏం చేయాలి? పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలంటారు. ఇక్కడ ముద్ర వేసిన శాఖనే వెళ్లి అడగాలి. తీసేసి 15 ఏళ్లు దాటకపోతే డిశ్చార్జ్ రివ్యూ బోర్డుకు ఫారం 293. అంతకుమించితే, లేదా జనరల్ కోర్టు మార్షల్ వేసిన శిక్ష అయితే, రికార్డుల సవరణ బోర్డుకు ఫారం 149. రెండో బోర్డుకు మూడేళ్ల గడువు ఉంది గానీ న్యాయం కోరినప్పుడు దాన్ని పక్కన పెట్టవచ్చు. అధికారులు చేసింది సరిగానే చేశారని బోర్డు ముందే అనుకుంటుంది. కాదని చూపించే బరువు అర్జీదారుదే.

2014 సెప్టెంబరులో రక్షణమంత్రి చక్ హేగెల్, పీటీఎస్డీ ఉన్నవాళ్ల అర్జీలను ఉదారంగా చూడమని బోర్డులకు చెప్పారు. 2017 ఆగస్టులో రక్షణశాఖ అధికారి కుర్టా ఇచ్చిన ఉత్తర్వు దాన్ని నాలుగు ప్రశ్నలుగా విడదీసింది. తప్పును తగ్గించి చూపగల జబ్బో అనుభవమో ఉందా? అది కొలువులో ఉండగానే ఉందా? నిజంగా ఆ తప్పును తగ్గిస్తుందా? ముద్ర బరువుకన్నా దాని బరువు ఎక్కువా? మత్తుమందు వాడకమే ఆ జబ్బుకు సాక్ష్యం కావచ్చని కూడా ఆ ఉత్తర్వు ఒప్పుకుంది. 2018 జులైలో అదే శాఖ అధికారి విల్కీ ఇచ్చిన ఉత్తర్వు మరో అడుగు వేసింది. గంజాయి సైన్యంలో ఇప్పటికీ నేరమే అయినా, కొన్ని రాష్ట్రాలు చట్టబద్ధం చేసిన ఈ రోజుల్లో దాన్ని దశాబ్దాల కిందట చూసినంత తీవ్రంగా చూడనక్కర్లేదంది.

అర్జీ పెట్టేవాళ్లు తరచూ తడబడే చోట్లు కొన్నున్నాయి. ముద్ర మారినా, ఎందుకు తీసేశారో చెప్పే గడిలో ‘దుష్ప్రవర్తన, మత్తుమందు’ అని అలాగే మిగిలిపోవచ్చు. దాని పక్కన సంకేతాలూ ఉంటాయి. ముద్ర, కారణం, సెపరేషన్ కోడ్, మళ్లీ చేరడానికి అర్హత చెప్పే కోడ్, ఈ నాలుగింటినీ పేరుపేరునా అడగాలి. చికిత్స కోసం తనంతట తానే వెళ్లి చెప్పుకున్న మాటనే తర్వాత అతని మీద ప్రయోగించారా అన్నది మరో కీలకం. సైన్యం సొంత నిబంధనల ప్రకారం అలాంటి సాక్ష్యాన్ని తీసివేత ఫైల్లో వాడితే ‘హానరబుల్’ తప్ప వేరే ముద్ర వేయకూడదు. అందుకే ముందు సర్వీసు ఫైలు, వైద్యం ఫైలు తెప్పించుకోవాలి. ఆ తర్వాత బతికిన బతుకును కాగితాల మీద చూపించాలి. మత్తుకు దూరంగా గడిపిన ఏళ్లు, చేసిన ఉద్యోగం, చదివిన చదువు, అప్పటి సహచరులు రాసిచ్చిన ఉత్తరాలు.

మన పాఠకుల్లో కొందరికి ఇది పరాయి గొడవ కాదు. అక్కడి సైన్యంలో పౌరసత్వం లేని గ్రీన్‌కార్డుదారులూ చేరవచ్చు, సేవ ద్వారా త్వరగా పౌరసత్వం పొందవచ్చు. అలా వచ్చిన పౌరసత్వం, ఐదేళ్ల గౌరవప్రదమైన సేవ పూర్తికాకముందే చెడ్డ ముద్రతో బయటికొస్తే రద్దుకావచ్చని వలస చట్టం చెబుతోంది. అక్కడి తెలుగు ఇళ్లలో యూనిఫాం వేసుకుంటానంటున్న పిల్లలుంటే ఈ ఒక్క వాక్యం వాళ్ల చెవిన పడాలి. ఇందులో మరో మెలిక ఉంది. బోర్డు ముందు ‘అవును, వాడాను, పశ్చాత్తాపపడుతున్నాను’ అని నిజాయితీగా రాసుకుంటే బోర్డు మెచ్చుకోవచ్చు. పౌరసత్వం లేనివాడికి అదే ఒప్పుకోలు వలస అధికారుల ముందు ఉచ్చు కావచ్చు. అర్జీ మీద సంతకానికి ముందే వలస చట్టం తెలిసిన లాయరును కలవాలి.

ఇంత తతంగం ఒక్కో మనిషీ ఒంటరిగా చేయాలన్నదే ఈ పద్ధతిలో అసలు లోపం. ఇల్లూ వాకిలీ లేనివాడు, మనసు కుదుటపడనివాడు పాతికేళ్లనాటి ఫైళ్లు తెప్పించి, నాలుగు ప్రశ్నలకూ నాలుగు జవాబులు కూర్చుకోగలడా? లాయరు దొరికినవాడు గెలుస్తాడు, దొరకనివాడు అసలు అర్జీయే పెట్టడు. మరి నియమం తప్పకుండా సేవ చేసి ‘హానరబుల్’ తెచ్చుకున్నవాళ్ల సంగతేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వాళ్ల గౌరవం వాళ్లకుంది, పతకాలున్నాయి, సదుపాయాలున్నాయి. మరొకడి గాయానికి కట్టు కడితే వాటిలో రవ్వంతా తగ్గదు. మత్తుమందు అమ్మినవాడికీ, మత్తులో ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చినవాడికీ ఈ ఊరట ఇమ్మని నేనూ అనడం లేదు.

నేననేది ఇంతే. సొంత వాడకం ఒక్కటే తప్పయిన కేసుల్లో, అప్పటికే సైనిక వైద్యులు జబ్బు రాసిపెట్టిన కేసుల్లో, మాజీ సైనికుడి అర్జీ కోసం ఎదురుచూడకుండా బోర్డులే ఫైళ్లు బయటికి తీయాలి. ముద్రను నిలబెట్టాలంటే ఎందుకో శాఖే కారణం చూపించాలి. ఫైళ్లన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి, వైద్యుల రాతలూ ఉన్నాయి. 62 శాతం అన్న లెక్క జీఏఓ తేల్చింది వాటిని చూసే కదా. లెక్క కోసం తెరిచిన ఫైలును న్యాయం కోసం తెరవడానికి కొత్త చట్టమూ అక్కర్లేదు. 1971లో లెయిర్డ్ ఒక్క ఆదేశంతో ఒక వర్గానికి దారి తెరిచారు. ఇప్పుడా కుర్చీలో కూర్చున్నవాళ్లకూ ఆ అధికారం ఉంది. వాడుకోకపోతే దాన్ని క్రమశిక్షణ అనిపించుకోవడం ఇక సాగదు.