కట్టుబడి పెత్తనానికి చదువు

కుందుర నుంచి ఒక తండ్రిగారు మాకు ఉత్తరం వ్రాశారు. వారి అబ్బాయి సివిల్ ఇంజనీరింగు ప్యాసయి ఆరు నెలలయింది. ఇప్పుడు కట్టడాల నిర్వహణలో, అనగా కన్‌స్ట్రక్షన్ మేనేజిమెంటులో, పైచదువుకు వెళ్తానంటున్నాడు. ఫీజు లక్షల్లో వున్నది. జయపురం రోడ్డున వున్న చిన్న స్థలం తాకట్టు పెడితే గాని సొమ్ము సమకూడదు. పెట్టమంటారా, వద్దంటారా అని వారి ప్రశ్న. తాకట్టు మాట వచ్చేసరికి మేము తొందరపడి కార్డు ముక్కమీద జవాబు వ్రాయలేకపోయాము.

ఈ పని మనవాళ్ళకు కొత్తదేమీ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టారు. ప్లాను కాటన్ దొరది. వేలాది కూలీలను పోగుచేసి, పని ఆగకుండా ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు వీణెం వీరన్న. ఆయన చేసిన పనికి ఇవాళ ఇంగ్లీషు పేరు పెట్టి కాలేజీలలో చెబుతున్నారు, అంతే. మన కోరాపుట్టు సీమ సంగతే చూడండి. 1936 లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలోనే వున్నాము. ఆ తరువాత 1955 లో మాచ్‌ఖండ్ కరెంటు వచ్చింది. 1960 ల్లో కొత్తవలస నుంచి కిరండూలుకు, యాభైకి పైగా సొరంగాలు తొలిచి, రైలుమార్గం వేశారు. మస్తరు వ్రాసిన గుమాస్తాలు, తాపీ పట్టిన మేస్త్రీలు, గొడుగు కింద నిలబడిన ఓవర్సీర్లు మన ఇళ్ళ కథల్లో ఇప్పటికీ వున్నారు. వారికి కాలేజీ లేదు. పనే కాలేజీ.

అయితే ఇప్పుడు చదువు దేనికి? పని పెరిగింది, గడువు తగ్గింది. రాయపూరు నుంచి విశాఖపట్నానికి మన కొండల మీదుగా వేస్తున్న ఆరు వరసల రోడ్డువంటి పనిలో ఏ యంత్రం ఏ రోజుకు ఎక్కడ వుండాలో ఒక మనిషి జ్ఞాపకంలో ఇమడదు. దానికి లెక్క కావాలి. ఆ లెక్క 1957 ప్రాంతంలో అమెరికాలో డూపాంట్ అనే రసాయనాల కంపెనీ వారి అవసరం కొద్దీ పుట్టింది. క్రిటికల్ పాత్ అంటారు.

పేరు విని బెదరవద్దు. పెళ్ళివంట చేయించిన ప్రతి ఇల్లాలికీ అది తెలుసు. గారెలకు మినప్పప్పు ముందుగా నానబోయకపోతే, పొద్దున పదిమంది వంటవాళ్ళు వచ్చి నిలబడినా లాభం లేదు. అదే విస్తరాకులు ఒక గంట ఆలస్యంగా వచ్చినా ఏమీ మునిగిపోదు. ఏ పని ఒక్కరోజు జారితే మొత్తం కట్టడమే ఒక్కరోజు జారుతుందో కనిపెట్టి, కన్నంతా దానిమీద వుంచడమే ఆ శాస్త్రం. మన ప్రాంతంలో జూన్ వానలు దిగే వేళకు వంతెన పునాది నీటిమట్టం దాటి పైకి రాకపోతే ఆ యేడాది పోయినట్లే. కనుక ఇనుము ఎప్పుడు తెప్పించాలనే లెక్కను పునాది నుంచి వెనక్కు వేసుకుంటూ పోవాలి. దీనితోబాటు టెండర్లు, బిల్లులు, ఒప్పందాల తగాదాలు, కూలీల రక్షణ, కార్మికుల చట్టాలు కూడా చెబుతారు. ముఖ్యంగా కట్టడపు కూలీలకు సంబంధించినవి.

చదువు దొరికే చోట్లు తక్కువేమీ కావు. కట్టడాల కంపెనీలే పూనుకొనగా 1983 లో నిక్మార్ సంస్థ వెలసింది. పుణేలోనూ, హైదరాబాదు దగ్గర శామీర్‌పేటలోనూ వున్నది. హైదరాబాదులోనే 1998 లో ప్రభుత్వం వారు నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ పెట్టారు. అక్కడ ఇంజనీరుకూ తాపీమేస్త్రీకీ ఒకే ఆవరణలో శిక్షణ. ఆ ఏర్పాటు మాకెంతో నచ్చింది. మన గుణుపురంలో ఇంజనీరింగు చదువు ఎలాగూ వుండనే వున్నది.

ఇక తాకట్టు సంగతి. ఇప్పుడే వద్దని మా అభిప్రాయం. అబ్బాయి ముందుగా ఒక యేడాది ఏదైనా పనిమీద నిలబడాలి. మేమెరిగిన ఒక పట్టభద్రుడు పైచదువు కూడా ముగించి నేరుగా పెత్తనానికి వచ్చాడు. స్లాబు వేసిన మరునాడు తడపడం మరచిపోయిన కూలీమీద కేకలు వేశాడు. తప్పు కూలీది కాదు, పై ట్యాంకులో నీళ్ళే లేవు. ముసలి మేస్త్రీ రెండు డ్రమ్ములు దొర్లించుకొచ్చి, గోనెసంచులు తడిపి పరిచాడు. కాంక్రీటుకు వారం పదిరోజులైనా తడి ఆరనీయకూడదని ఇద్దరికీ తెలుసు. నీళ్ళెక్కడ దొరుకుతాయో ఒక్కరికే తెలుసు.

ఆ మేస్త్రీకి ముప్ఫయ్యేళ్ళ అనుభవం. కాగితం మాత్రం లేదు. కొత్త కంట్రాక్టరు వచ్చినప్పుడల్లా మామూలు కూలీ లెక్కలో నిలబడవలసి వస్తున్నది. ఇది మాకు అబ్బాయి ఫీజుకంటే ఎక్కువ బాధగా వున్నది. నేర్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు 2015 నుంచి కేంద్ర ప్రభుత్వపు కౌశల్ వికాస్ యోజనలో చేర్చారు. మన ఇళ్ళలో మేస్త్రీలున్నవారు దగ్గరలోని ఐ.టి.ఐ.లో అడిగి చూడవలెను.

మరొకటి. మన పిల్లలకు తెలుగు, ఒడియా ఇంట్లోనే వస్తాయి. సంతలో తిరిగితే దేశియా పట్టుబడుతుంది. రాయగడ వైపు వారికి కువి ముక్కలు నాలుగైనా వస్తాయి. గాంగులో వున్న మనిషితో అతని మాటలో మాట్లాడగలవాడు ఏ కాలేజీలోనూ తయారు కాడు. ఆడపిల్లలకూ ఇదే మాట వర్తిస్తుంది. వద్దనే పెద్దలతో మేము వాదించడానికి సిద్ధం.

ఇదంతా తండ్రిగారికి వ్రాశాము. స్థలం దస్తావేజు పెట్టెలోనే వుంచమన్నాము. మొన్న జవాబు వచ్చింది. అబ్బాయి ఒక కల్వర్టు పనిమీద చేరాడట. మొదటి వారమంతా ఇసుక లారీలు లెక్కపెట్టడమే! కాస్త చిన్నబుచ్చుకున్నాడట కూడా. రెండోవారం మేస్త్రీ ఇసుక గుప్పెటలో పట్టి, "ఇది పొంగిన ఇసుక బాబూ, లారీ నిండా వున్నది ఇసుక కాదు" అన్నాడట. తేమ తగిలిన ఇసుక కొలతకు నూటికి పాతిక పాళ్ళ దాకా ఎక్కువ కనబడుతుందని అబ్బాయి పుస్తకంలో చదివే వున్నాడు. ఆ రాత్రి కూర్చుని లెక్క కట్టి, మరునాడు కంట్రాక్టరు ముందు పెట్టాడట. ఇప్పుడు లారీలు లెక్కపెట్టే పని వేరొకరికి ఇచ్చి, ఇసుక కొలిచే పని ఇతనికి ఇచ్చారని వ్రాశారు.