కృత్రిమ వస్త్రానికి గిరాకీ వుంది, పేరు దాచడమెందుకు?

జౌళి మార్కెట్టులో పత్తిది ఒక దారి, పాలియెస్టర్‌ది మరొక దారి. వానలు, పురుగు, మద్దతు ధర, వీటిని బట్టి పత్తి ధర ఎక్కుతుంది, దిగుతుంది. పాలియెస్టర్ ధరకు మూలం ముడి చమురు. చమురు నుంచి నాఫ్తా, దానినుంచి పారాజైలీన్, దానినుంచి పి.టి.ఎ. అనే తెల్లని పొడి వస్తాయి. ఆ పొడిని గ్లైకాల్‌తో కలిపి పాలియెస్టర్ తీస్తారు. టోకు వర్తకులకు ఈ సంగతులు కొట్టిన పిండి. ఏ పోగు, ఎంత శాతం, ఏ కౌంటు అన్నది తేలనిదే నూలు బేరం కుదరదు. అయితే అదే నూలు గుడ్డగా మారి చిల్లర దుకాణం చేరేసరికి ఆ వివరం కాస్తా మాయమవుతున్నది. డబ్బు చెల్లించి ఒంటికి కట్టుకొనే మనిషికి మాత్రమే తాను కొన్నదేమిటో తెలియడం లేదు.

కృత్రిమ దారాలు చెడ్డవి, పత్తి ఒక్కటే మంచిదన్న వాదం నిలవదు. ప్రపంచంలో తయారయ్యే జౌళి పీచులో నేడు సగానికి పైగా పాలియెస్టరే. పత్తి వాటా సుమారు ఐదవ వంతు. ఈ స్థానం దానికి గుణం వల్ల కొంత, చౌక వల్ల కొంత దక్కింది. ఏ పోగు ఏ పనికి అన్నదే అసలు ప్రశ్న.

1935లో అమెరికాలో డూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు కేరొథర్స్ కనుగొన్న నైలాన్‌ను తీసుకుంటే, లాగుడుకూ, రాపిడికీ తట్టుకోవడం దాని గొప్ప. చేపల వలలకు, తాళ్లకు, టైర్ల లోపలి దారానికి అది పెట్టినది పేరు. నూలు వల నీటిలో నాని కుళ్లిపోతుంది. నైలాన్ వలకు ఆ బెడద లేదు. కాని ఎండలో ఎక్కువకాలం వుంటే నైలాన్ సత్తువ తగ్గుతుంది. ఉన్నికి బదులుగా వచ్చిన యాక్రిలిక్ తేలికగా, వెచ్చగా వుంటుంది కనుక స్వెట్టర్లకు, కంబళ్లకు తగినది. పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక, తేమ అసలే పీల్చదు. సిమెంటు, ఎరువుల సంచులలో గోనెను వెనక్కి నెట్టింది అదే. జనుమును కాపాడేందుకు ఆహారధాన్యాలు, పంచదార నింపడంలో గోనె సంచుల వాడకాన్ని తప్పనిసరి చేస్తూ 1987లో కేంద్రం చట్టమే చేయవలసి వచ్చింది.

ఇక పాలియెస్టర్. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే యిద్దరు దీనిని కనుగొన్నారు. టెరిలిన్ పేరుతో మన యిళ్లలోకి వచ్చింది యిదే. ముడత పడదు, పురుగు పట్టదు, తడిసినా సత్తువ తగ్గదు, ఉతికిన గంటలో ఆరుతుంది. పత్తితో కలిపి నేసిన టెరికాటన్ చొక్కా నెలలకొద్దీ మన్నుతుంది. నూటికి 67 పాళ్లు పాలియెస్టర్, 33 పాళ్లు పత్తి అన్న కలయిక వర్తకంలో స్థిరపడినది. చెప్పి కలిపితే అది కల్తీ కాదు, ప్రయోజనమే.

అయితే ఈ పోగుకు రెండు లోపాలున్నాయి. మొదటిది తేమ. బాగా ఆరిన 100 కిలోల పత్తి మామూలు గాలిలోంచి 8 కిలోల దాకా తేమ పట్టుకుంటుంది. నైలాన్ సుమారు 4 కిలోలు. పాలియెస్టర్ అర కిలో అయినా పట్టదు. రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెల ఎండలో యిది అంకెల లెక్క కాదు, ఒంటిమీది చెమట లెక్క. రెండవది నిప్పు. పాలియెస్టర్ సుమారు 260 డిగ్రీల వద్ద కరుగుతుంది. అంటుకున్నప్పుడు కరిగిన ముద్ద చర్మానికి అతుక్కుని గాయాన్ని లోతు చేస్తుంది. పత్తి కలిసిన బట్ట అయితే పత్తి పోగులు వత్తిలా నిలిచి మంటను పట్టి వుంచుతాయి. పొయ్యి దగ్గర నిలబడే ఆడవారికి, దీపావళి నాడు బాణాసంచా కాల్చే పిల్లలకు ఈ సంగతి తెలియాలి. తెలియాలంటే గుడ్డ మీద పోగు పేరుండాలి.

దుకాణాల్లో వినబడే పేర్లు కొన్నవారికి ఏమీ చెప్పవు. జార్జెట్, క్రేప్, శాటిన్ అన్నవి నేతను బట్టి వచ్చిన పేర్లు. పోగుల పేర్లు కావు. ఆర్ట్ సిల్క్ అన్న మాటలో ఆర్ట్ అంటే కళ కాదు. కృత్రిమం అనే అర్థంగల ఆర్టిఫిషియల్ అన్న మాటకు కుదింపు. పోచంపల్లి చిటికి చిత్రాన్ని మిల్లు గుడ్డపై అచ్చుకొట్టి "పోచంపల్లి డిజైను" అని అమ్మితే, నూలు చిలపను ముడివేసి, రంగుల్లో ముంచి, రోజుల తరబడి మగ్గంపై కూర్చున్న నేతగాడు ధరలో ఎలా పోటీ పడగలడు? నష్టపోతున్నది కొనుగోలుదారు ఒక్కరే కాదన్నది గమనించాలి.

పేరు బయటపెడితే సిరిసిల్ల వంటి మరమగ్గాల కేంద్రాలు దెబ్బతింటాయన్న వాదన వినవస్తుంది. సిరిసిల్ల మగ్గాలపై ప్రధానంగా నడిచేది పాలియెస్టరే. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు అక్కడి కార్మికులకు పని కల్పించిన మాటా నిజమే. అయితే ఆ సరకు దాని పేరుతోనే, దాని ధరకే అమ్ముడుపోగలదు. చౌక, మన్నిక కోరేవారు ఎప్పుడూ వుంటారు. మరమగ్గం కార్మికుడి కూలికి ఆధారం గిరాకీ, మోసం కాదు.

పన్ను సాకు కూడా యిప్పుడు లేదు. కృత్రిమ పీచుపై 18 శాతం, నూలుపై 12 శాతంగా వుండిన జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దించి, పత్తితో సమం చేశారు.

చట్టమూ కొత్తగా రావలసిన పని లేదు. గుడ్డపై తయారీదారు పేరు, ఏ పోగు ఎంత శాతమన్న వివరం ముద్రించాలని జౌళి కమిషనర్ 1988లోనే నిబంధనలు విధించారు. పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ వున్నాయి. కొరవడినది అమలు. తాను అంచున వున్న ముద్ర, కత్తిరించి అమ్మేటప్పుడు బిల్లులోకి కూడా ఎక్కాలి. ప్రభుత్వం కొనే చీరలపై, బడిపిల్లల యూనిఫారాలపై యిది ముందుగా జరిగితే మిగతా మార్కెట్టుకు దారి చూపినట్లవుతుంది.

అంతవరకూ ఇంటి పరీక్ష ఒకటి వుండనే వున్నది. అంచునుంచి ఒక పోగు లాగి, పటకారుతో పట్టుకుని వెలిగిస్తే, పత్తి కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. పాలియెస్టర్ కరిగి గట్టి నల్లపూస కడుతుంది. కాని బిల్లుపై ఒక్క మాట రాస్తే సరిపోయేదానికి అగ్గిపుల్ల గీయవలసిన అవసరం కొనుగోలుదారుకు కల్పించడం జౌళి వర్తకానికి గౌరవం కాదు.